షైతాన్ ఎవరిని చూసి నవ్వాడు?

"ఏం మియా, ఖవ్వాలీ వినే చెవులతో ఈ షైతానీ షోర్ ఎట్ల వింటున్నవ్?" అన్నాడో దోస్త్. నా ఫోన్‌లో బ్లాక్ సబ్బత్ వాళ్ల 'పారనాయిడ్' మోగుతోంది.

ఈ ఇల్జామ్ కొత్తది కాదు. 1970లో ఆ ఆల్బమ్ వచ్చిన నాటి నుంచీ ఉన్నదే. జవాబ్ చెప్పాల్సిందే.

ముందు ఆ నలుగురు ఎవరో చూడండి. బర్మింగ్‌హామ్‌లోని ఆస్టన్ అనే మజ్దూర్ల బస్తీ పోరగాళ్లు. పాడిన ఓజీ ఆస్‌బోర్న్ కబేళాలో పనిచేసినవాడు. గిటార్ పట్టిన టోనీ అయోమీ పదిహేడేళ్లప్పుడు రేకుల కార్ఖానాలో మెషీన్ కింద చెయ్యి పెట్టి రెండు వేళ్ల కొసలు పోగొట్టుకున్నాడు. ఆ నౌకరీలో అది అతని ఆఖరి రోజు. ఎడమచేతివాటం మనిషి, తీగలు నొక్కాల్సింది ఆ కుడిచేతి వేళ్లతోనే. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు టోపీలు చేసుకున్నాడు. పైన తోలు అతికించాడు. సన్నటి తీగలు కట్టుకున్నాడు. నువ్వు షోర్ అంటున్నది ఆ చేతి ఆవాజ్, దోస్త్!

ఇక షైతాన్ సంగతి. ఒప్పుకుంటా, పేరు ఒక దయ్యాల సినిమా నుంచి తీసుకున్నారు. ఆ చీకటి దుకాణం వాళ్లు తెరుచుకున్నదే. కానీ 'వార్ పిగ్స్' పాట విన్నావా? వియత్నాంలో జంగ్ మండుతున్న రోజులవి. దాదాపు ఎనిమిది నిమిషాల ఆ పాటలో జంగ్ మొదలుపెట్టే సియాసత్‌దాన్లు తాము దాక్కుని గరీబుల్ని చావుకు పంపుతారు. చివర్లో హిసాబ్ రోజు వస్తుంది. ఆ జాలిమ్‌లు మోకాళ్ల మీద పాకుతూ మాఫీ అడుగుతారు. వాళ్లను చూసి షైతాన్ నవ్వుతాడు. ఇది షైతాన్ పూజ ఎట్లయింది? నేను విన్న చాలా తఖ్రీర్లలో ఇంత సాఫ్‌గా ఈ మాట చెప్పినవాడు లేడు.

ఆల్బమ్‌కు మొదట అనుకున్న పేరు కూడా 'వార్ పిగ్స్' అనే. తర్వాత మార్చారు. అట్ట మీద కత్తీ ఢాలూ పట్టిన మనిషి మాత్రం పాత పేరుకు గవాహ్‌గా మిగిలిపోయాడు. లోపల 'ఎలక్ట్రిక్ ఫ్యునరల్'లో అణుబాంబు ఖయామత్ ఉంది. 'హ్యాండ్ ఆఫ్ డూమ్'లో జంగ్ నుంచి పారిపోవడానికి సూదిమందుకు బలయ్యే జవానీ ఉంది. ఇంత దర్ద్ ఉన్నచోట మీకు కొమ్ములే కనబడ్డాయంటే ఖుసూర్ పాటది కాదు.

ఇంకో మాట, ఆ బొమ్మ ఉన్న టీషర్ట్ తొడుక్కుని తిరిగే షౌకీన్లకు. రాత్రి టీవీ ముందు కూర్చుని "జంగ్ కావాలి" అని అరిచే యాంకర్లకు తాళం వేస్తూ, పొద్దున ఆ టీషర్ట్ ఎట్ల తొడుక్కుంటారు? సరిహద్దుకు పోయేది యాంకర్ కొడుకు కాదు. ఏ బస్తీలోనైనా, ఏ ముల్కులోనైనా, పోయేది గరీబ్ బిడ్డే.

నా దోస్త్‌కు ఒకటే అర్జీ. ఫత్వా తర్వాత ఇవ్వు. ముందు ఆ ఎనిమిది నిమిషాలు కూర్చుని విను. షైతాన్ ఎవరిని చూసి నవ్వాడో నువ్వే చెప్పు.