పత్తిచేలూ, ప్రత్యేక తరగతులూ

కర్నూలు నుండి తుంగభద్ర వంతెన దాటి, అలంపూరు చౌరస్తాలో దిగి, ఆటో ఎక్కి ఊళ్ళోకి పోయేవారిలో ఎక్కువమంది జోగులాంబ దర్శనానికి వెళ్ళేవారే. కొన్నేళ్ళ క్రితం ఒక ఫిబ్రవరి నెలలో నేను అదే దారిన ఒక బడికి వెళ్ళాను. ఆ ప్రాంతంలోని ఉన్నత పాఠశాలలో పనిచేసే మిత్రుడొకడు, "పదో తరగతికి ప్రత్యేక తరగతులు నడుస్తున్నాయి. లెక్కల సారు సెలవులో ఉన్నాడు. పది రోజులు వచ్చి చెయ్యి సాయం చెయ్యి" అని పిలిచాడు. బడి పేరు చెప్పను. చెప్పబోయే సంగతి ఆ ఒక్క బడికి చెందినది కాదు కనుక, చెప్పవలసిన అవసరమూ లేదు.

ప్రత్యేక తరగతులంటే ఏమిటో తెలుగునాట చదువుకున్నవారికి వివరించనక్కరలేదు. సంక్రాంతి సెలవులు అయిపోయినప్పటినుండి మార్చిలో పరీక్షలు మొదలయ్యేదాకా పొద్దున్నే ఒక గంట, సాయంత్రం మరొక గంట అదనంగా బడి. పిల్లలను మార్కులనుబట్టి ఎ, బి, సి, డి అని బృందాలుగా విడగొడతారు. 'ఎ'వారికి మంచి ఉపాధ్యాయుడు, కఠినమైన లెక్కలు, "బడికి పేరు తేవాలి" అనే హితబోధ. 'డి'వారికి ఇరవై పేజీల జిరాక్సు ప్రతి. అందులో ఉన్నవి బట్టీపడితే ముప్పైఅయిదు మార్కులు దాటవచ్చునని లెక్క. నాకు అప్పగించింది 'డి' బృందాన్ని. బయటినుండి వచ్చినవాడు పాడుచేయడానికి అక్కడ ఏమీ మిగిలిలేదని కాబోలు.

మొదటి రోజు జిరాక్సు ప్రతి పక్కనపెట్టి, ఎవరికి ఎంత వచ్చునో చూద్దామని చిన్న తీసివేత ఇచ్చాను. మూడంకెల సంఖ్యలోనుండి రెండంకెల సంఖ్య. పక్కస్థానంనుండి ఒకటి అప్పు తెచ్చుకోవలసిన లెక్క, అంతే. పదిహేడుమందిలో పదకొండుమందికి రాలేదు. రానివారిలో ముందు బల్లమీద కూర్చున్న ఒక అమ్మాయి ఉంది. మాటల్లో తెలిసింది, ఆమె దసరాకు ముందూ వెనకా రెండు నెలలకు పైగా బడికే రాలేదని. సీడు పత్తికి పోయిందట. కూలి ఎంత ఇస్తారని అడిగాను.

"రెండొందల యాభై సార్. ఆటోకి ముప్పై పట్టుకుంటరు. మధ్యల రెండు దినాలు పోలే. వారానికి పదకొండు నూర్లు చేతికొస్తది."

అయిదు రోజుల కూలీలో ఆటో ఖర్చు తీసివేసి, క్షణమైనా తడుముకోకుండా చెప్పిన ఆ అమ్మాయే బల్లమీది కాగితంలో తీసివేత చేయలేకపోయింది. అప్పుడు నేను ఆశ్చర్యపోయాను, కొంత సిగ్గుపడ్డాను కూడా. ఎందుకంటే అప్పటికే ఆమెను మనసులో 'డి' అని రాసేసుకొని ఉన్నాను.

ఇది నా ఒక్కడి అనుభవం కాదని తరవాత తెలిసింది. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో తదితరులు కలకత్తా, ఢిల్లీ బజార్లలో కూరగాయలూ అవీ ఇవీ అమ్మే పిల్లలను పరిశీలించి 2025లో నేచర్ పత్రికలో ఒక వ్యాసం ప్రకటించారు. బేరంలో చిక్కు లెక్కలను నోటితో చెప్పగలిగిన ఆ పిల్లలు, అంతకంటె తేలికైన లెక్కను బడి పద్ధతిలో కాగితంమీద పెడితే తడబడ్డారు. బజారు ముఖమెరుగని బడిపిల్లల సంగతి దీనికి తలక్రిందులు. వారికి కాగితం మీది లెక్క వచ్చును, బేరం లెక్క రాదు. రెండు చదువులకూ మధ్య వంతెన వేసే పని ఎవరిదీ కాకుండా పోయింది.

ఇక్కడ సీడు పత్తి గురించి నాలుగు మాటలు చెప్పాలి. గద్వాల, అయిజ, అలంపూరు ప్రాంతాలు సంకరజాతి పత్తి విత్తనానికి పేరుపొందినవి. 1970లో సూరత్‌లో మొదటి సంకరజాతి పత్తి హెచ్-4 విడుదలైనప్పటినుండి ఈ విత్తనోత్పత్తి ప్రధానంగా చేతిపనిమీదనే నడుస్తున్నది. రేపు విచ్చుకోబోయే మొగ్గను ఈ సాయంత్రమే గుర్తించి, దాని రేకులనూ పుప్పొడి తిత్తులనూ గిల్లివేసి, మర్నాటి పొద్దున మగపువ్వును తెచ్చి దాని కీలాగ్రానికి అద్దాలి. ఒక్కొక్క పువ్వుకూ ఇంత పని. దీన్నే క్రాసింగు అంటారు. వానకాలం పంట మధ్యలో రెండు మూడు నెలలు ప్రతిరోజూ జరగవలసిందే. ఒక్క పూట తప్పితే ఆ పూట పువ్వులన్నీ పోయినట్లే. చిన్నచేతులకు పని నేర్పుగా వస్తుందనీ, కూలి తక్కువనీ పిల్లలను, ముఖ్యంగా ఆడపిల్లలను పెట్టుకోవడం ఎన్నో ఏళ్ళుగా సాగింది. దావులూరి వెంకటేశ్వర్లుగారు 2000ల మొదట్లోనే ఈ విషయంమీద నివేదికలు రాసి, విత్తన కంపెనీల పేర్లతోసహా బయటపెట్టారు. ఆ తరవాత చిన్నపిల్లల విషయంలో కొంత మార్పు వచ్చిందన్నమాట నిజమే. కాని 2016లో సవరించిన బాలకార్మిక చట్టం పద్నాలుగేళ్ళలోపు వారికి కూడా బడివేళల తరవాత సొంత కుటుంబపు పనికి వెసులుబాటు ఇచ్చింది. పద్నాలుగు దాటినవారికి ప్రమాదకరమైన పనులే నిషిద్ధం. పదో తరగతి పిల్లకు పదిహేనేళ్ళు. ఆమె పత్తిచేనుకు పోతే అడిగేవాడు లేడు.

కనుక ఈ ప్రాంతంలో బడి ఏడాది ఒకటి, పంట ఏడాది మరొకటి. వానకాలంలో పంట పిల్లలను పట్టుకుపోతుంది. జనవరిలో బడి వారిని తిరిగి పట్టుకొని, ఆర్నెల్ల పాఠాన్ని రెండు నెలల్లో గోనెసంచిలో కుక్కినట్లు కుక్కుతుంది. ఆ కుక్కడానికే ప్రత్యేక తరగతులని పేరు.

నా అభియోగం ఉపాధ్యాయులమీద కాదు. పొద్దున ఎనిమిదింటికి వచ్చి సాయంత్రం ఆరింటికి ఇల్లు చేరే మనుషులను నేను కళ్ళారా చూశాను. సాయంత్రం తరగతికి ఆకలితో కూర్చునే పిల్లలకు తమ డబ్బుతో బొరుగులూ అరటిపళ్ళూ తెప్పించిన పంతులమ్మనూ చూశాను. ఈమధ్య సంవత్సరాల్లో తెలంగాణ ప్రభుత్వమే పరీక్షల ముందు కొన్ని వారాలపాటు ఒక్కొక్కరికి రోజుకు పదిహేను రూపాయల లెక్కన అల్పాహారం ఇస్తున్నది. మంచిదే. ఆడపిల్లలకు బస్సు ప్రయాణం 2023 డిసెంబరునుండి ఉచితం కూడా. కాని సాయంత్రం ఆరు దాటాక ఊరికి పోయే బస్సు ఉండాలి కదా! నా తరగతిలో నలుగురు అమ్మాయిలు అయిదున్నరకే కిటికీవైపు చూడడం మొదలుపెట్టేవారు. అది చదువుమీద అశ్రద్ధ అనుకున్నాను మొదట.

నా అభియోగమల్లా ఈ ఏర్పాటు ఎవరి అవసరంకోసం పుట్టిందన్న దానిమీద. ఏటా ఉత్తీర్ణతా శాతం పత్రికల్లో వస్తుంది, జిల్లాలవారీగా వరుస ప్రకటిస్తారు, అట్టడుగున నిలిచిన జిల్లా అధికారికి సంజాయిషీ తప్పదు. ఆ ఒత్తిడి మెట్టుమెట్టుగా దిగి దిగి, చివరికి ఇరవై పేజీల జిరాక్సు ప్రతి రూపంలో పిల్ల చేతికి వస్తుంది. 2025లో తెలంగాణ పదో తరగతి ఉత్తీర్ణత 92.78 శాతం. చూడడానికి ఘనమైన అంకె. 2023లో అసర్‌వారు దేశంలోని 26 రాష్ట్రాల పల్లెల్లో పద్నాలుగునుండి పద్ధెనిమిదేళ్ళవారిని పరీక్షించినప్పుడు, మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగలిగినవారు 43 శాతమే. రాష్ట్రం వేరు, లెక్కించిన పద్ధతి వేరు, రెంటినీ పక్కపక్కన పెట్టి నిర్ధారణలు చేయడం సరికాదని నాకూ తెలుసు. అయినా ఆ రెండు అంకెలమధ్య ఉన్న అగాధంలోనే నా 'డి' బృందం కూర్చొని ఉన్నది.

అయితే ఏడాది చివరి తరగతులు దండగ అంటారా? అనను. నా వాదం దాదాపు దీనికి వ్యతిరేకమైనది. వాటికి ఇంతకంటె మంచి కాలం లేదు, కాని అది పరీక్షకు ముందు కాదు, పరీక్ష అయిన తరవాత.

దీనికి ఆధారముంది. 2008 వేసవిలో బీహారులో ప్రథం సంస్థ సహకారంతో ప్రభుత్వోపాధ్యాయులే నెలరోజుల శిబిరాలు నడిపారు. ప్రాథమిక తరగతుల్లో వెనుకబడిన పిల్లలను తరగతినిబట్టి కాక, ఏ మెట్టుమీద ఉన్నారో చూసి కూర్చోబెట్టి, చదవడమూ లెక్కలూ మాత్రమే నేర్పారు. ఫలితం స్పష్టంగా కనిపించింది. అదే పద్ధతిలో ఉపాధ్యాయులకు శిక్షణ, సామగ్రి ఇచ్చి బడి నడిచే రోజుల్లో చేయమంటే ఏమీ కనిపించలేదు. ఎందుకు? బడి నడిచే రోజుల్లో వారి నెత్తిమీద పాఠ్యప్రణాళిక ఉంటుంది. వేసవిలో ఉండదు. ఉపాధ్యాయునికి నేర్పడం చేతకాక కాదు, తీరిక దొరకక. 2013-14లో ఉత్తరప్రదేశ్‌లో పది పది రోజుల విడతలుగా, మొత్తం యాభై రోజులు నడిపిన శిబిరాలు కూడా ఇట్లాగే ఫలించాయి. ఇవన్నీ చిన్న తరగతుల సంగతులు, హైస్కూలుకు అచ్చంగా అతకకపోవచ్చు. కాని తొమ్మిదో తరగతిలో ఉన్న పిల్ల మూడో తరగతి మెట్టుమీద నిలబడి ఉంటే, ఆమెకు కావలసింది మూడో తరగతి మెట్టే కదా.

అంత దూరం పోనక్కరలేదు కూడా. శాంతా సిన్హాగారి ఎం.వి. ఫౌండేషన్ 1990లలో రంగారెడ్డి జిల్లాలో పొలాలనుండి, పశువుల వెంటనుండి పిల్లలను తెచ్చి శిబిరాల్లో ఉంచి, కొద్ది నెలల్లో వారి వయసుకు తగిన తరగతికి సిద్ధంచేసి బడిలో చేర్పించింది. బ్రిడ్జి కోర్సు అనే మాట మన పల్లెల్లో వాడుకమాట అయింది అట్లాగే. 2003లో ఆమెకు మెగసెసే పురస్కారం వచ్చినప్పుడు మనమంతా సంతోషించాం. ఆ కోర్సుల్లో నాకు నచ్చినదేమంటే, వచ్చిన పిల్లను ఆమె ఎంత వెనుకబడిందో చెప్పి చిన్నబుచ్చకపోవడం.

రెండో మాట. ఏడాది చివర చురుకైనవారికి వేరుగా ఏదో ఒకటి జరుపుతారు. క్విజ్, వ్యాసరచన, విహారయాత్ర. వెనుకబడినవారికి ఎక్కాలూ జిరాక్సులూ. రుచి అంతా ఒక పక్క, మందు అంతా మరొక పక్క! దీన్ని నేను ఎప్పటికీ అంగీకరించలేను. నా పది రోజుల్లో ఒక ఆదివారం ఎవరినీ అడక్కుండా ఒక తప్పు చేశాను. పదిహేడుమందిలో రాగలిగిన తొమ్మిదిమందిని తీసుకొని నవబ్రహ్మాలయాలకు పోయాను. పక్క పల్లెల్లోనే పుట్టి పెరిగినా, శివరాత్రి జాతరకు తప్ప ఆ గుళ్ళను వారు చూసినవారు కారు. బాదామి చాళుక్యుల కాలపు స్వర్గబ్రహ్మాలయంలో వినయాదిత్యుని నాటి శాసనం ఉంది. ఆ లిపి మన లిపికి తల్లి అంటే వారు నమ్మలేదు. ఏ అక్షరమైనా మన అక్షరంలా కనబడుతుందేమో వెతకండి అన్నాను. చదవడం సరిగా రాదని రాసి ఉన్న పిల్లవాడొకడు వేలు గాలిలో ఆడిస్తూ ఒక 'గ'నూ ఒక 'ర'నూ పట్టుకున్నాడు. సరిగ్గానే పట్టాడో లేదో చెప్పగల పాండిత్యం నాకు లేదు. గడియారం రామకృష్ణశర్మగారు ఉండి ఉంటే చెప్పేవారు. అలంపూరు చరిత్రను, శాసనాలను వెలికితీయడానికి జీవితం వెచ్చించిన మనిషి ఆయన. ఆయన స్వీయచరిత్ర 'శతపత్రము'కు ఆయన పోయిన తరవాత సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఆ పేరు ఆ తొమ్మిదిమందిలో ఒక్కరూ వినలేదు.

సంగమేశ్వరాలయం దగ్గర ఇంకొంచెం సేపు ఆగాం. కూడవెల్లిలో ఉండిన ఆ గుడిని, శ్రీశైలం జలాశయంలో మునిగిపోనున్నదని, రాళ్ళు విప్పి తెచ్చి ఇక్కడ మళ్ళీ కట్టారు. "రాళ్ళు కలిసిపోకుండ ఎట్ల తెచ్చిండ్రు సార్?" అని సీడు పత్తి అమ్మాయే అడిగింది. ప్రతి రాయికీ ఒక సంఖ్య వేస్తారు, ఏ వరుసలో ఎన్నోదో రాసుకుంటారు అని చెప్పి, చేతికర్రతో నేలమీద గళ్ళు గీసి చూపించాను. వరుస, స్థానం, సంఖ్య. ఒకట్ల స్థానం, పదుల స్థానం వివరించడానికి తరగతిలో నాలుగు రోజులు పట్టిన విషయం ఆ గళ్ళలో పావుగంటలో ఒక కొలిక్కి వచ్చింది. "మా జేజినాయన ఊరు గూడ ముంపుల పోయింది, దానికి నంబర్లు ఎయ్యలేదు" అన్నాడు వెనకనుండి ఒక కుర్రాడు. అందరూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను.

వేసవి శిబిరాలకు ఉన్న చిక్కులు నాకు తెలియనివి కావు. ఏప్రిల్ చివర బడి మూస్తారు, జూన్ రెండో వారంలో తెరుస్తారు. ఆ మధ్యకాలంలో పాలమూరు తల్లిదండ్రులు వలసపోతే పిల్లలూ వెంట పోతారు. సెలవులో పనిచేసిన ఉపాధ్యాయునికి ఆర్జిత సెలవు ఇచ్చే నిబంధన ఉన్నది కాని, దానికి పైనుండి ఉత్తర్వు రావాలి. మధ్యాహ్న భోజనం సెలవుల్లో ఉండదు. వండే అమ్మకు ఆ రోజుల కూలి ఎవరిస్తారు? వీటిలో ఒక్కటీ అసాధ్యం కాదు, అన్నీ కలిస్తే మాత్రం అసాధ్యంలా కనిపిస్తాయి. అన్నిటికంటె పెద్ద చిక్కు, ఇంత చేసినా ఉత్తీర్ణతా శాతంలో ఇది కనబడదు. ఆరో తరగతిలో తీసివేత నేర్చుకున్న పిల్ల నాలుగేళ్ళ తరవాత గాని ఆ లెక్కలోకి రాదు. అప్పటికి అధికారి బదిలీ అయి ఉంటాడు.

ఆ ఏడు ఫలితాలు వచ్చిన రోజు మిత్రుడు ఫోను చేశాడు. మా బృందంలో ఇద్దరు తప్ప అందరూ గట్టెక్కారట. ఆ అమ్మాయి కూడా. సంతోషించాను. మళ్ళీ బడి తెరిచేదాకా గదుల తాళంచెవులు తన దగ్గరే ఉంటాయనీ, ఆరునుండి తొమ్మిదిదాకా చదివే పిల్లల్లో ఊళ్ళోనే ఉండిపోయేవారు ముప్పైమంది దాకా తేలారనీ, హెడ్మాస్టరు నోటిమాటగా సరేనన్నాడనీ చెప్పి, "మే నెలలో పదిహేను రోజులు వస్తావా?" అని అడిగాడు. అలంపూరు మే నెల ఎండ ఎట్లా ఉంటుందో తెలిసినవాణ్ణి కనుక, పొద్దున ఏడునుండి పది దాకా అయితే వస్తానన్నాను. జిరాక్సులు వద్దు, ఒక సుద్దముక్కల డబ్బా తెప్పించి ఉంచమన్నాను.