గల్లాపెట్టె లెక్క

విజయవాడ బీసెంట్‌ రోడ్డులో రూ.4 వేల చీర కొని క్రెడిట్‌ కార్డు ఇస్తే కౌంటర్లో అబ్బాయి నవ్వుతూ గీస్తాడు. ఆ చేత్తోనే వీధి చివర కిరాణా కొట్టులో బియ్యం బస్తాకి అదే కార్డు తీయండి... ‘కార్డొద్దమ్మా, ఫోన్‌పే చేసెయ్యండి’ అంటాడు కొట్టాయన. మొండితనం కాదది, లెక్క!

క్రెడిట్‌ కార్డు గీసినప్పుడల్లా దుకాణదారు సుమారు 2 శాతం వదులుకోవాలి. రూ.1,400 బస్తా మీద కొట్టుకి 40 రూపాయలు మిగులుతుందనుకోండి. అందులో 28 కార్డుకే పోతే చేతికొచ్చేది పన్నెండు. అదే చీర మీద రూ.800 మిగిలేచోట 80 పోయినా నొప్పి తెలియదు. పైగా కార్డుంటే ఇంకో చీర కూడా కొంటారన్న ఆశ!

2020 జనవరి నుంచి యూపీఐకీ, రూపే డెబిట్‌ కార్డుకీ వ్యాపారి దగ్గర ఈ కోత లేకుండా చేశారు. దాంతో జామకాయల బండికీ క్యూఆర్‌ అట్ట వేలాడింది.

మరి కొందరు ‘క్యాషే ఇవ్వండి’ అంటారెందుకు? ఫోన్లో పడ్డ ప్రతి రూపాయికీ జాడ ఉంటుంది. 2025 జులైలో కర్ణాటకలో యూపీఐ జమలు చూసి చిన్న వ్యాపారులకు పన్ను నోటీసులిచ్చారు. బెంగళూరులో కొన్ని కొట్లు క్యూఆర్‌ అట్టలు పీకేశాయి. సరుకులమ్మేవారికి జీఎస్టీ రిజిస్ట్రేషన్‌ హద్దు ఏడాదికి రూ.40 లక్షలు. లాభం కాదు, అమ్మకం! రోజుకి రూ.11 వేల బేరమైతే చాలు, దాటినట్టే.

అలాగని నగదంతా చెల్లుతుందా? పది రూపాయల బిళ్ల ఇచ్చి చూడండి. 14 నమూనాలూ చెల్లుతాయని 2018 జనవరిలో రిజర్వు బ్యాంకు ప్రకటించినా, ‘నా దగ్గర ఎవరూ తీసుకోరండీ’ అన్నవాళ్లు ఎందరో. తాను మళ్లీ ఇవ్వలేనిదాన్ని ఏ వ్యాపారీ పుచ్చుకోడు మరి.

గుడివాడ, అవనిగడ్డ వైపు పల్లెల్లో లెక్క మళ్లీ మారుతుంది. కార్డుకి 2 శాతం ఇవ్వలేమనే కొట్లలోనే పద్దు పుస్తకం ఉంటుంది. నాట్లప్పుడు పట్టుకెళ్లిన ఎరువుల బస్తాకి, వాడుక సరుకులకి డబ్బు వచ్చేది వడ్లు అమ్ముడయ్యాకే. ఆ నాలుగైదు నెలల వడ్డీ కట్టి చూస్తే కార్డు కోత కంటే ఎక్కువే అవుతుంది. అయినా ఇస్తారు. పద్దున్న రైతు మరో కొట్టు గడప తొక్కడు కదా! ధాన్యం డబ్బులు ఆలస్యమైన ఏడు మాత్రం, విజయవాడ టోకు వ్యాపారికి ఏం చెప్పాలో తెలియక తల పట్టుకునేది ఆ కొట్టాయనే.