చిరుసంచి తూకం ముగిసిన తరువాత

వరి వంగడాల విడుదలకు ముందు చిరుసంచుల దశ ఒకటి ఉంటుంది. పరిశోధన స్థానంలో నెగ్గిన రకాల విత్తనాన్ని చిన్న సంచులలో రైతులకిచ్చి, వారి పొలంలో, వారి యాజమాన్యంలోనే పండించి చూడడం దాని ఉద్దేశం. కోత పూర్తయ్యాక దిగుబడి, పంటకాలం, తెగుళ్ల తీవ్రత, రైతు అభిప్రాయం అనే గడులు నిండి నివేదిక సిద్ధమవుతుంది. అభిప్రాయపు గడిలో సాధారణంగా కనిపించే మాట "బాగుంది". విత్తనం తెచ్చి ఇచ్చిన శాస్త్రవేత్త ఎదుట నిలబడి అది పనికిరాదని చెప్పడం పల్లె మర్యాద కాదు గనుక ఆ మాటకున్న విలువ స్వల్పం.

రైతు అసలు తీర్పు నివేదిక వెళ్లిన తరువాత వెలువడుతుంది. ఆ ధాన్యంలో కొంత విత్తనానికి దాచుకొన్నారా, మొత్తం మిల్లుకు తోలారా? పక్క పొలం వారు అడిగి పట్టుకెళ్లారా? ఇంట వండుకొన్నారా? గడ్డిని పశువులు ఇష్టంగా తిన్నాయా? ఇవన్నీ కంటితో చూసి తెలుసుకోదగినవే. చూడడానికి అప్పటికి అక్కడ ఎవరూ ఉండరు.

ఇది కొత్త ఫిర్యాదు కాదు. మలేషియా నుంచి వచ్చిన మసూరి, 1960వ దశకపు చివరలో అధికారిక పరీక్షలలో ఆమోదం పొందలేదు. చేను పడిపోవడం దాని ప్రధాన లోపం. అయినా విత్తనం ఆంధ్రదేశంలో రైతుల చేతుల మీదుగా ఊరినుంచి ఊరికి పాకి, దేశంలో అత్యధికంగా సాగైన రకాల సరసన చేరింది. 1989లో వెలువడిన 'ఫార్మర్ ఫస్ట్' సంకలనంలో డి.ఎం. మౌర్య ఈ ఉదంతాన్ని ప్రస్తావించారు. ఆ తరువాత పరిశోధన స్థానాలు అదే మసూరిని జనకంగా స్వీకరించాయి. స్వర్ణ (ఎం.టి.యు. 7029), సాంబ మసూరి (బి.పి.టి. 5204) దాని సంతతే. 2009లో విడుదలైన నెల్లూరు మసూరి (ఎన్.ఎల్.ఆర్. 34449)కి సాంబ మసూరి ఒక జనకం. పరీక్ష తిరస్కరించిన విత్తనం రైతు వాడకం ద్వారా పరీక్షా క్షేత్రానికి తిరిగి వచ్చిందన్నమాట. ఆ వాడకాన్ని మొదటి ఏళ్లలోనే ఎవరైనా వెంబడించి చూసి ఉంటే ఎంత కాలం కలిసివచ్చేదో ఊహించవచ్చు.

నెల్లూరు తీరంలో ఈ లోపం మరింత స్పష్టంగా కనిపిస్తుంది. కోవూరు, విడవలూరు, అల్లూరు, ఇందుకూరుపేట ప్రాంతాలలో ఈశాన్య రుతుపవనాలతో మొదలయ్యే రబీ ప్రధాన పంట. నీరున్న ఏట వేసవిలో ఎడగారు. రైతుకు ఒకే రకం ఈ రెండు కాలాలలో రెండు వేర్వేరు వస్తువులు. రబీలో చల్లని రాత్రులు, మంచు అగ్గితెగులుకు అనుకూలం కనుక తట్టుకొనే గుణం ప్రధానం. ఎడగారు కోత వేళకు వానలు దిగితే కంకి మీదే గింజ మొలకెత్తుతుంది; అక్కడ గింజకు నిద్రావస్థ ఉందా లేదా అన్నదే ప్రశ్న. రెండు కాలాల సగటు దిగుబడి చూపే పట్టిక ఈ తేడాను పూర్తిగా మింగేస్తుంది.

చేను పడిపోవడాన్ని శాస్త్రవేత్త అంకెల మానంలో నమోదు చేస్తాడు. రైతు దానిని కోత యంత్రం అద్దెలో కొలుస్తాడు. తడి ఆరని పొలంలో చైను యంత్రం గంటల లెక్కన నడుస్తుంది. పడిన చేనును కోయడానికి పట్టే అదనపు సమయం నేరుగా అతని ఖర్చు. కోత నాడు గట్టు మీద గడియారంతో నిలబడిన విద్యార్థికి మాత్రమే ఈ లెక్క దొరుకుతుంది. ప్రశ్నావళికి ఇది తట్టదు.

అమ్మకం సంగతీ అంతే. హెక్టారుకు కిలోలలో రాసిన దిగుబడిని రైతు ఎకరానికి పుట్లలోకి మార్చుకొంటాడు. నెల్లూరు పుట్టి 850 కిలోలు. ప్రభుత్వ కొనుగోలుకు తేమ 17 శాతం మించరాదు. తేమ పేరిట, తాలు పేరిట పుట్టికి కొన్ని కిలోలు అదనంగా అడగడం ఈ తీరానికి తెలియని సంగతి కాదు. ఆరబోతకు స్థలం లేని కౌలు రైతు కొంత తక్కువ పండినా కళ్లంలోనే బేరం కుదిరే రకాన్ని ఎంచుకొంటాడు. సర్వేలో అది "పాక్షిక స్వీకరణ"గా నమోదై, కారణాల వరుసలో "అవగాహన లోపం" చేరుతుంది. అవగాహన ఎవరికి లోపించిందో పట్టిక చెప్పదు.

పెరూలోని అంతర్జాతీయ బంగాళాదుంప కేంద్రానికీ ఇలాంటి అనుభవమే ఎదురైంది. ముడతలు పడిన దుంపలను శాస్త్రవేత్తలు నష్టంగా లెక్కించగా, రైతుల ఇళ్లలో అవి ఏదో ఒక విధంగా ఉపయోగపడుతూనే ఉన్నాయి. విత్తనపు దుంపను పరచిన వెలుతురులో నిలవచేసే పద్ధతిని ప్రదర్శించినప్పుడు, నమూనా గిడ్డంగిని యథాతథంగా కట్టుకొనే బదులు ఆ సూత్రాన్ని రైతులు తమ వసారాలకు, చూరు కిందకు మలచుకొన్నారు. రోడ్స్, బూత్ 1982లో దీనిని వైఫల్యంగా రాయలేదు. రైతుతో మొదలై రైతు వద్దకే తిరిగి చేరే పరిశోధన క్రమానికి ఆధారంగా చూపారు.

చూడడం అంటే ఒప్పుకోవడం కాదు. ఆకు పచ్చగా ఉండాలని యూరియా పెంచి అగ్గితెగులును పిలుచుకొనే అలవాటు తీరంలోనూ ఉంది. దానిని రైతు విజ్ఞతగా కీర్తించనక్కరలేదు. అయితే ఆ అదనపు బస్తా ఏ రోజున, ఎవరిని చూసి, ఏ భయంతో పడిందో తెలియనిదే సిఫార్సును ఎన్నిసార్లు చదివి వినిపించినా ఫలితం శూన్యం. పరిశీలనకు మరో ఇబ్బందీ ఉంది: చూస్తున్నారని తెలిస్తే ఎవరైనా జాగ్రత్తగా నడుచుకొంటారు. ఒక్క రోజు పర్యటనతో అందుకే లాభం లేదు. మనిషి అలవాటయ్యేవరకు ఊరిలో ఉండాలి.

ఆ అవకాశం విశ్వవిద్యాలయం చేతిలోనే ఉంది. రావెప్ విద్యార్థులు ఎలాగూ గ్రామాలలో నివసిస్తారు. వారి దినచర్య పుస్తకంలో ప్రదర్శనల సంఖ్యకు ఇచ్చే మార్కులలో కొన్నింటిని, ఒకే చిరుసంచిని నారుమడి నుంచి గాదె వరకు, మిల్లు వరకు వెంబడించిన వివరానికి కేటాయించవచ్చు. స్నాతకోత్తర విద్యార్థుల విషయం కొంత కష్టం. రైతు విత్తనాన్ని నిలుపుకొన్నాడా లేదా తేలేది మరుసటి నారు పోసే వేళకు. సిద్ధాంత గ్రంథం సమర్పించే గడువు చాలాసార్లు అంతకు ముందే ముగుస్తుంది. ఆ గడువును పంటకాలానికి అనుగుణంగా సవరించడం సలహా సంఘాల పరిధిలోని పని.