రచ్చ గెలిచి ఇంటికొచ్చింది!

2016 మే నెల... ఫ్రాన్స్‌లోని కేన్స్ పట్టణం. అక్కడి చిత్రోత్సవంలో ‘డైరెక్టర్స్ ఫోర్ట్‌నైట్’ విభాగంలో ఓ హిందీ సినిమా వేస్తున్నారు. పేరు ‘రామన్ రాఘవ్ 2.0’. దర్శకుడు అనురాగ్ కశ్యప్. ఓవైపు నవాజుద్దీన్ సిద్దిఖీ, మరోవైపు విక్కీ కౌశల్. నటనలో ఒకరిని మించినవారు ఒకరు. వాళ్ల మధ్య ఏమాత్రం తడబడకుండా నెగ్గుకొచ్చిన అమ్మాయికి అదే మొదటి సినిమా. అందులో ఆమె పాత్ర పేరు స్మృతికా నాయుడు. పాత్రే కాదు, ఆ అమ్మాయీ తెలుగే... విశాఖపట్నంలో పెరిగిన శోభితా ధూళిపాళ.

ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు పెద్దలు. శోభిత విషయంలో మాత్రం అది తారుమారైంది. ముంబయిలో, కేన్స్‌లో గుర్తింపు వచ్చాకే తెలుగు తెర ఆమెను పిలిచింది!

ఓడరేవు ఊరి అమ్మాయి
శోభిత 1992 మే 31న తెనాలిలో పుట్టింది. నాన్న మర్చంట్ నేవీలో ఇంజినీరు. అమ్మ టీచరు. బాల్యమంతా విశాఖలోనే గడిచింది. ఓడ ఉద్యోగమంటే నెలల తరబడి సముద్రం మీదే ఉండాలి. అలా నాన్న రాక కోసం ఎదురుచూసే పిల్లలు విశాఖలో వీధికొకరైనా ఉంటారు. చిన్నప్పుడు పుస్తకాల పురుగునేనని శోభితే చెబుతుంటుంది. చదువుతోపాటు కూచిపూడి, భరతనాట్యం నేర్చుకుంది. కెమెరా కన్నా ముందే వేదిక పరిచయమైంది. మాట లేకుండా కళ్లతోనే భావం పలికించడం నాట్యంలో ముఖ్యమైన పాఠం. తెర మీద ఆమెను చూసినవాళ్లకి ఆ పాఠం ఎక్కడికీ పోలేదని తెలుస్తుంది.

టీనేజీలోనే పైచదువులకని ముంబయి రైలెక్కింది. 2013లో మిస్ ఇండియా పోటీల్లో రెండో స్థానంలో నిలిచి, మిస్ ఇండియా ఎర్త్ కిరీటం అందుకుంది. అదే ఏడాది ఫిలిప్పీన్స్‌లో జరిగిన మిస్ ఎర్త్ పోటీలకు మనదేశం తరఫున వెళ్లింది.

వెయ్యి ఆడిషన్లు
కిరీటం వచ్చింది కదా, ఇక అవకాశాలు క్యూ కడతాయనుకుంటాం. అదేమీ జరగలేదు. దాదాపు వెయ్యి ఆడిషన్లు ఇచ్చానని తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పింది శోభిత. ప్రకటనల కోసం వెళ్తే ‘అంత తెల్లగా లేవు’ అని మొహం మీదే చెప్పినవాళ్లున్నారట. దేశంలోనే అందగత్తెల్లో ఒకరని కిరీటం పెట్టిన అమ్మాయికే ఆ మాట తప్పలేదంటే... చామనఛాయ ఆడపిల్లలు ఇళ్లల్లో, పెళ్లిచూపుల్లో ఎన్ని మాటలు పడుతుంటారో ఊహించుకోవచ్చు. సినిమాల్లో చెప్పుకోవడానికి ఆమెకు అయినవాళ్లెవరూ లేరు. ఉన్నదల్లా మరో ఆడిషన్‌కి వెళ్లే ఓపిక. ‘రామన్ రాఘవ్’ కూడా అలా ఆడిషన్‌లో నెగ్గి తెచ్చుకున్నదే.

ముంబయి నుంచి... మన అమ్మాయే!
కథానాయికల్ని ముంబయి నుంచి తెచ్చుకోవడం మన సినిమాకి ఏళ్లనాటి అలవాటు. ‘తెలుగమ్మాయిలకు అవకాశాలేవీ’ అన్న ప్రశ్న కూడా అంతే పాతది. 2018లో అడివి శేష్ ‘గూఢచారి’లో కథానాయికగా శోభిత వచ్చింది. ఈసారీ హీరోయిన్ ముంబయి నుంచే... కానీ వచ్చింది విశాఖ అమ్మాయి! అప్పటికే ఆమె హిందీలో మూడు సినిమాలు చేసింది.

మరుసటి ఏడాది ఆమెకు అసలైన మలుపు. 2019 మార్చిలో అమెజాన్ ప్రైమ్‌లో వచ్చిన ‘మేడ్ ఇన్ హెవెన్’లో తారా ఖన్నాగా నటించింది. సామాన్య కుటుంబం నుంచి సంపన్నుల ఇంటికి కోడలై, పైకి హుందాగా ఉంటూనే లోపల నలిగిపోయే దిల్లీ మహిళ పాత్ర అది. పెళ్లిళ్లు జరిపించే ఆమె కాపురమే కూలిపోతుంటుంది. దాన్ని కన్నీళ్లతో కాకుండా మౌనంతో పండించింది శోభిత. అదే ఏడాది మలయాళంలో చేసిన ‘మూతోన్’ టొరంటో చిత్రోత్సవానికి వెళ్లింది. 2021లో దుల్కర్ సల్మాన్ ‘కురుప్’, 2022లో ‘మేజర్’ వచ్చాయి. ముంబయి దాడుల నేపథ్యంలో తీసిన ‘మేజర్’లో తాజ్ హోటల్లో చిక్కుకుపోయిన ప్రమోదా రెడ్డిగా కనిపించింది. అదే ఏడాది మణిరత్నం ‘పొన్నియిన్ సెల్వన్’లో వానతి అయ్యింది. 2023లో చేసిన ‘ది నైట్ మేనేజర్’ సిరీస్ మరుసటి ఏడాది అంతర్జాతీయ ఎమ్మీ అవార్డుల నామినేషన్ల దాకా వెళ్లింది. 2024లో దేవ్ పటేల్ ‘మంకీ మ్యాన్’తో హాలీవుడ్ తెర మీదా కనిపించింది.

పసుపు దంచిన వేళ
2024 డిసెంబరు 4న హైదరాబాద్ అన్నపూర్ణ స్టూడియోలో, అక్కినేని నాగేశ్వరరావు విగ్రహం సాక్షిగా నాగచైతన్యతో శోభిత పెళ్లి జరిగింది. అంతకు ముందు అక్టోబరులో ‘గోధుమ రాయి, పసుపు దంచడం’తో పెళ్లి పనులు మొదలుపెట్టిన ఫొటోలను తనే అభిమానులతో పంచుకుంది. కేన్స్ దాకా వెళ్లొచ్చిన అమ్మాయి పట్టుచీర కట్టుకుని రోకలి పట్టడం చూసి ముచ్చటపడని తెలుగిళ్లు తక్కువ.

ఊరికి దూరమైనా ఇంటి పద్ధతులను మాత్రం ఆమె దూరం చేసుకోలేదు. కానీ లెక్క చూస్తే... హిందీ, మలయాళం, తమిళం, ఇంగ్లిషు అన్నీ చుట్టొచ్చిన ఈ నటి నేరుగా తెలుగులో చేసినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. తారా ఖన్నాలాంటి పాత్ర తెలుగులో ఆమెకు ఎప్పుడు దొరుకుతుంది? రచ్చ ఎప్పుడో గెలిచింది, ఇంటికీ వచ్చింది. ఇక ఆమెకు తగ్గ కథ రాయాల్సింది మనవాళ్లే!