కొండ వెంటనే జారదు

"పోయిన ఏడే కొట్టాం, కొండ ఎక్కడికీ పోలేదే!" అని కలప కంట్రాక్టర్లు అనే మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. వెంటనే ఎందుకు పోతుందండీ? చెట్టు నరికినా వేళ్ళు కొన్నాళ్ళు మట్టిని పట్టుకునే ఉంటాయి. అవి కుళ్ళడానికి మూడేళ్ళు, అయిదేళ్ళు, ఒక్కోచోట పదేళ్ళూ పడుతుంది. కొత్త మొక్కల వేళ్ళు అప్పటికింకా దారపు పోగులే. ఆ నడిమి కాలంలో ఒక్క పెద్ద వాన చాలు. అప్పటికి కంట్రాక్టరుగారి బిల్లు చెల్లిపోయి ఎన్నాళ్ళో!

పైగా దుంగల్ని వాలు వెంబడి ఈడుస్తారు. ఈడ్చిన గాడే వానకు కాలువ అవుతుంది. ఇక లారీల కోసం కొండ నడుము తొలిచి వేసే బాట ఉందే, చాలాచోట్ల గొడ్డలికన్న అదే ఎక్కువ మన్ను దింపుతుంది.

ఇదంతా పుస్తకాలు చూసి నేర్చుకున్నవాణ్ణి నేను. హిమాలయాల్లోని చమోలీ జిల్లావాళ్ళు అనుభవించి నేర్చుకున్నారు. 1970 జూలైలో అలకనంద పొంగి ఊళ్ళనూ వంతెనలనూ ఊడ్చుకుపోతే, పైన అడవులు నరకడమే ఇందుకు కారణమన్నారు. 1974 మార్చి 26న రేణి గ్రామంలో, మగవాళ్ళు నష్టపరిహారం కోసం చమోలీ వెళ్ళిన రోజు చూసి కూలీలు గొడ్డళ్ళతో దిగారు. గౌరాదేవి ఇరుగుపొరుగు ఆడవాళ్ళను వెంటబెట్టుకుని అడ్డం నిలిచింది. వచ్చినవాళ్ళు చెట్లు ముట్టకుండానే వెనక్కి పోయారు.