రంగు మరక – టర్పెంటైన్ సీసా

ఇంటికి రంగులు వేయించినప్పుడు గోడలతోపాటు ఇంటిల్లిపాది బట్టలకూ కొంత రంగు అంటి తీరుతుంది. ఆ మరకలు పోగొట్టే చిట్కాలకు మన ఇరుగుపొరుగున కొదవ లేదు. కిరోసిన్ రాయమని ఒకరు, టర్పెంటైన్‌తో రుద్దమని ఒకరు, నిమ్మచెక్కతో తోమమని మరొకరు చెబుతారు. అది ఏ రంగు, ఏ బట్ట, ఎంతసేపటి మరక అని అడిగేవారు మాత్రం అరుదు. రోగమేదో తెలుసుకోకుండా మందు చెప్పే వైద్యుని మనం నమ్మము. మరకల విషయంలో మాత్రం నమ్ముతున్నాము. అలా నమ్మినవారిలో నేనూ ఒకతెను.

మా రెండవ అమ్మాయి వివాహానికి ముందు ఇంటికి రంగులు వేయించాము. కిటికీ ఊచలకు వేసిన ఆకుపచ్చ ఎనామిల్ ఆరకముందే నా వెంకటగిరి చీర కొంగు దానికి తగిలింది. రూపాయి బిళ్లంత మరక. పక్కింటి అమ్మాయి చూసి, "పిన్నిగారూ, టర్పెంటైన్ రాసి గట్టిగా రుద్దండి, ఇట్టే పోతుంది" అన్నది. పెయింటర్‌ను అడిగితే ఖాళీ కూల్‌డ్రింక్ సీసాలో కొంచెం పోసి ఇచ్చాడు. నేను గట్టిగానే రుద్దాను. రూపాయంత మరక అరచేయంత అయింది, ఆ చోట నేత కూడా చెదిరింది. విసుగుతో సీసాను అరుగు మీదనే వదిలి లోపలికి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి నాలుగేళ్ల మా మనవడు మూత తీసి దానిని నోటి దగ్గరకు తీసుకొంటున్నాడు. మా కోడలు ఒక్క అంగలో వెళ్లి లాక్కున్నది. సీసా వాడికి తెలిసినదే, లోపలి ద్రవమూ నీళ్లలాగే ఉన్నది. తప్పు వాడిది కాదు, నాది.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చిన పెద్దలలో ఒకరు, "ఒకవేళ తాగినా ఉప్పునీళ్లు పట్టించి కక్కిస్తే సరిపోయేది" అన్నారు. నేనూ అంతవరకు అలాగే అనుకొనేదానిని. ఇది పూర్తిగా పొరపాటు. కిరోసిన్, టర్పెంటైన్, తిన్నర్ వంటివి పలుచగా, సులువుగా జారే ద్రవాలు. కడుపుకన్నా ఊపిరితిత్తులకు వీటివలన కీడు ఎక్కువ. మింగేటప్పుడు కొన్ని చుక్కలు శ్వాసమార్గంలోకి జారినా న్యుమోనియా వంటి తీవ్రమైన వాపు కలుగుతుంది. వాంతి చేయిస్తే ఆ ద్రవం మరొకసారి గొంతు వరకు వచ్చి, ఊపిరితిత్తులలోకి పోయే అవకాశం పెరుగుతుంది. కనుక వాంతి చేయించరాదు; విరుగుడు అని పాలు, నూనె, ఉప్పునీరు ఏవీ పట్టించరాదు. తడిసిన బట్టలు విప్పి, ఒంటిని సబ్బుతో కడిగి, సీసాతో సహా బిడ్డను వెంటనే ఆసుపత్రికి తీసుకొనిపోవాలి. దగ్గు, ఆయాసం కొన్ని గంటల తరువాత కూడా మొదలు కావచ్చు. బిడ్డ ఆడుకొంటున్నాడు గదా అని ఇంట్లోనే ఉంచుకోరాదు.

"టర్పెంటైన్ చెట్టునుంచి వచ్చినదే గదా, అంత భయమెందుకు?" అనే పాఠకులు ఉండవచ్చు. నిజమే. హిమాలయ ప్రాంతపు సరళ వృక్షం మన ఆయుర్వేద నిఘంటువులకు కొత్తది కాదు. దాని జిగురును బట్టీ పట్టి తీసే తైలమే అసలు టర్పెంటైన్. కాని నేడు పెయింటర్లు ఎక్కువగా వాడేది మినరల్ టర్పెంటైన్. అది పెట్రోలియం నుంచి వచ్చినది. అసలుదైనా ప్రమాదం తక్కువేమీ కాదు. వత్సనాభి కూడా మొక్కే. దానిని శుద్ధి చేయనిదే, మోతాదు చూడనిదే ఏ వైద్యుడూ ఇవ్వడు. చెట్టునుంచి వచ్చినంత మాత్రాన నిరపాయమనే మాట మన శాస్త్రంలో ఎక్కడా లేదు. నా అభిప్రాయంలో టర్పెంటైన్, కిరోసిన్‌లను గృహ చిట్కాల జాబితాలో చేర్చడమే తప్పు. వాటిని విషంగా భావించి, అవసరమైతే జాగ్రత్తతో వాడుకోవాలి.

అసలు చాలా మరకలకు వీటి అవసరమే రాదు. పెయింటర్ తన బ్రష్షును దేనితో కడుగుతున్నాడో చూస్తే చాలు, సగం నిదానం పూర్తి అయినట్లే. నీళ్లతో కడుగుతున్నాడంటే అది డిస్టెంపరో, ఎమల్షనో. ఆరకముందే బట్టను చన్నీటి ధార కింద, మరక వెనుకవైపు నుంచి నీరు పడేలా పట్టి, తరువాత కుంకుడు రసంతోనో, సబ్బుతోనో ఉతికితే పోతుంది. పిల్లలు బడినుంచి తెచ్చే నీటి రంగుల మరకలకూ ఇదే వైద్యం. ఎమల్షన్ ఆరి పొరకడితే నీటికి లొంగదు. నూలు బట్టయితే సర్జికల్ స్పిరిట్‌లో ముంచిన దూదితో అద్ది చూడవచ్చు. సున్నం చిందితే ఆరినదానిని దులిపి, పుష్కలంగా నీళ్లతో జాడించి, ఆ తరువాతనే నిమ్మరసమో, చింతపండు పులుసో వాడాలి. అయితే సున్నం కంట్లో పడితే నిమ్మరసం జోలికి పోరాదు. ధారగా నీళ్లు పోస్తూ కడిగి ఆసుపత్రికి వెళ్లవలసినదే.

ఎనామిల్ ఒక్కటే మొండిది. అది ఆరడమంటే తడి ఎగిరిపోవడం మాత్రమే కాదు, గాలిలోని ప్రాణవాయువుతో కలిసి గట్టిపడటం కూడా. అందుకే తడిగా ఉన్నప్పుడు లొంగినది మరునాటికి లొంగదు. అంటిన వెంటనే చెంచా అంచుతో పైపైన రంగును ఎత్తివేసి, కింద పాత గుడ్డ మడిచి వేసి, మరకను బోర్లించి, వెనుకనుంచి టర్పెంటైన్ అద్దిన దూదితో ఒత్తాలి. రంగు కింది గుడ్డకు దిగుతుంది. అంచునుంచి నడిమికి రావాలి, రుద్దరాదు. నేను చేసినది సరిగ్గా దీనికి విరుద్ధం. వేడినీళ్లు, ఇస్త్రీ మరక పూర్తిగా పోయిన తరువాతనే. గోళ్లరంగు తుడిచే అసిటోన్ మరొక చిట్కా; అసిటేట్ బట్టపై అది పడితే మరకతోపాటు బట్టా కరిగిపోతుంది.

ఈ పని ఆరుబయట, పొయ్యికి, దీపానికి దూరంగా చేయాలి. ఆ బట్టను సబ్బుతో ఉతికి, వాసన పోయేవరకు గాలికి ఆరవేయనిదే వాషింగ్ మెషీన్‌లో వేయరాదు. చేతులకు అంటిన రంగుకు మాత్రం టర్పెంటైన్ వద్దే వద్దు. అది చర్మంలోని జిడ్డును లాగివేసి పగుళ్లు, దురదలు తెస్తుంది. తడి ఎనామిల్‌కు నువ్వులనూనెతోనో, కొబ్బరినూనెతోనో మర్దన చేసి సున్నిపిండితో కడుక్కుంటే సరిపోతుంది.

పని ముగిసిన రోజున మిగిలిన టర్పెంటైన్‌ను పెయింటర్‌కే తిరిగి ఇచ్చివేశాను. "ఉంచుకోండి అమ్మగారూ, పనికొస్తుంది" అన్నాడు. వద్దన్నాను. చీరపై ఆకుపచ్చ మచ్చ ఇప్పటికీ ఉన్నది. ఆ కొంగును నడుముకు చుట్టి దోపి, ఇంటి పనులకు కట్టుకొంటున్నాను.