యాభై శాతంలో సగం యుద్ధానిది

సూరత్‌ రింగ్‌రోడ్డును ఆనుకొని ఉన్న సలాబత్‌పురాలో దీపావళి ముందు వారాలంటే పార్సిళ్ల కాలం. లింబాయత్‌, ఉధ్‌నా ప్రాంతాల మరమగ్గాలపై నేసిన గ్రే బట్ట పాండేసరా మిల్లుల్లో రంగులద్దుకొని, చీరలై ఈ మార్కెట్లకు చేరుతుంది. ఇక్కడి నుంచి హైదరాబాద్‌ మదీనాకు, విజయవాడ వస్త్రలతకు తరలిపోతుంది. ఆ మగ్గాల దగ్గర కరీంనగర్‌, వరంగల్‌, నల్గొండ ప్రాంతాల నుంచి వలస వచ్చి స్థిరపడిన పద్మశాలీ కుటుంబాలు ఎన్నో. వారి పిల్లల కోసం సూరత్‌ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలు సైతం నడుపుతోంది. ఇక్కడి చీరల్లో సింహభాగం దేశంలోనే అమ్ముడవుతుంది. అలాంటప్పుడు అమెరికా అధ్యక్షుడు డొనాల్డ్‌ ట్రంప్‌ సుంకాలతో వీరికేం పని?

జవాబు అదే నగరంలోని వరాఛా, మహిధర్‌పురా వీధుల్లో ఉంది. ప్రపంచంలో సానబట్టే ప్రతి పది వజ్రాల్లో దాదాపు తొమ్మిది సూరత్‌, దాని పరిసరాల్లోనివే. వాటికి అతిపెద్ద గిరాకీ అమెరికాలో. 2025 ఏప్రిల్‌ వరకు సానబట్టిన వజ్రాలు అక్కడ సుంకం లేకుండా అడుగుపెట్టేవి. ఏప్రిల్‌ 5న పది శాతం వచ్చింది, ఆగస్టు 7న అది పాతికయింది, ఆగస్టు 27న యాభైకి చేరింది. చైనాలో గిరాకీ పడిపోయి, ప్రయోగశాల వజ్రాల పోటీతో ధరలు కుంగి ఉన్న పరిశ్రమపై పడిన దెబ్బ ఇది. గుజరాతీలో ‘రత్నకళాకారులు’ అని గౌరవంగా పిలుచుకునే ఆ కార్మికుల చేతిలో డబ్బు ఆడకపోతే సూరత్‌లో బట్టల దుకాణం నుంచి అద్దె గది దాకా అన్నింటికీ సెగ తగులుతుంది. మగ్గం కార్మికుడికి అమెరికా తగిలేది ఇలా పక్కదారిలోనే.

యాభై శాతాన్ని ఒకే అంకెగా చూస్తే అసలు సంగతి అర్థం కాదు. అప్పట్లో అది రెండు పాతికల మొత్తం. మొదటి పాతిక వాణిజ్యానికి సంబంధించినది. అమెరికా లోటు, భారత్‌ సుంకాలు, పాడి ఉత్పత్తులు, మొక్కజొన్న, సోయా వంటి అంశాలపై పేచీ అందులో ఉండేది. అది న్యాయమా కాదా అన్నది వేరే చర్చ, బేరమాడుకోవడానికి మాత్రం వీలుండేది. రెండో పాతిక అలాంటిది కాదు. రష్యా చమురు కొంటున్నందుకు ఆగస్టు 6 నాటి ఉత్తర్వుతో వేసిన దండన అది. సూరత్‌ వ్యాపారి ధర తగ్గించినా, నాణ్యత పెంచినా దానికి విరుగుడు కాలేదు. ఉక్రెయిన్‌ పోరును శ్వేతసౌధ వాణిజ్య సలహాదారు పీటర్‌ నవారో ఏకంగా ‘మోదీ యుద్ధం’ అన్నారు. రష్యా ముడిచమురును భారత్‌ కంటే ఎక్కువగా కొనే చైనాపై మాత్రం ఈ దండన పడలేదు. ఉత్తర్వు వెలువడిన తొమ్మిది రోజులకే, ఆగస్టు 15న, పుతిన్‌కు అలాస్కాలో ఎర్ర తివాచీ స్వాగతం లభించింది. రష్యా నుంచి అమెరికా ఇప్పటికీ యురేనియం హెక్సాఫ్లోరైడ్‌, పల్లాడియం, ఎరువులు కొంటోందని భారత విదేశాంగ శాఖ ఎత్తిచూపినా ఫలితం లేదు.

వాణిజ్యాన్ని యుద్ధ తంత్రంతో కలిపేయడం మే నెలలోనే బయటపడింది. భారత్‌, పాకిస్థాన్‌ల మధ్య మే 10న కాల్పుల విరమణను ముందుగా ప్రకటించింది ట్రంపే. వాణిజ్యం ఆపేస్తానని హెచ్చరించి తానే పోరు ఆపానని ఆ తర్వాత పదేపదే చెప్పుకొచ్చారు. ఆ చర్చల్లో వాణిజ్య ప్రస్తావనే రాలేదని, మధ్యవర్తిత్వాన్ని భారత్‌ అంగీకరించదని జూన్‌ 17 నాటి ఫోన్‌ సంభాషణలో ప్రధాని మోదీ స్పష్టం చేసినట్లు విదేశాంగ కార్యదర్శి విక్రమ్‌ మిస్రీ తెలిపారు. మర్నాడే పాక్‌ సైన్యాధిపతి ఆసిమ్‌ మునీర్‌కు శ్వేతసౌధంలో విందు. పాక్‌పై సుంకం 19 శాతం దగ్గరే నిలిచింది. జూన్‌ 22న ఇరాన్‌ అణు కేంద్రాలపై బాంబులు, సెప్టెంబరు 2 నుంచి కరీబియన్‌ సముద్రంలో పడవలపై దాడులు... ఇవన్నీ కాంగ్రెస్‌ ఆమోదం కోరకుండా సాగినవే. సుంకాల తీరూ అంతే. 1977 నాటి అత్యవసర ఆర్థిక అధికారాల చట్టం ఆసరాగా, ఒక్క సంతకంతో అమలైనవి. ఆ సంతకం ఎప్పుడు ఎటు తిరుగుతుందో అంచనా వేయలేకపోవడమే ఎగుమతిదారుకు సుంకం కంటే పెద్ద కష్టం. ఆరు నెలల ముందు ఆర్డరు తీసుకునే వ్యాపారంలో, ఓడ బయలుదేరాక రేటు మారితే ఆ నష్టం ఎవరి ఖాతాలో వేసుకోవాలి?

న్యాయస్థానాల్లో ఈ అధికారానికి ఎదురుగాలి వీచింది. అత్యవసర చట్టం ఇంత విస్తృతమైన సుంకాలకు అనుమతించదని ఫెడరల్‌ అప్పీళ్ల కోర్టు ఆగస్టు 29న 7-4 మెజారిటీతో తేల్చింది. సుప్రీంకోర్టు 2025 నవంబరు 5న వాదనలు విన్నది. భారత్‌పై వేసిన సుంకం ఉక్రెయిన్‌లో శాంతి యత్నాలకు కీలకమని ప్రభుత్వం తన అభ్యర్థనలో వాదించడం గమనార్హం. రెండో పాతిక వాణిజ్యం కోసం కాదని దానిని వేసినవారే రాసి ఇచ్చినట్లయింది. అయితే తీర్పు ప్రతికూలంగా వచ్చినా 1974 వాణిజ్య చట్టంలోని 122వ సెక్షన్‌ కింద 150 రోజులపాటు 15 శాతం వరకు సుంకం వేసే వెసులుబాటు అధ్యక్షుడికి అప్పటికి మిగిలే ఉంది. ఉక్కు, అల్యూమినియం సుంకాలు వేరే చట్టం కింద వచ్చినవి కాబట్టి వాటికి ఈ తీర్పు వర్తించదు.

ఢిల్లీ తీసుకున్న చర్యల్లో పత్తిపై దిగుమతి సుంకం ఎత్తివేత తిరుప్పూరు వంటి కేంద్రాలకు అప్పట్లో ఊరటనిచ్చింది. పాలిస్టర్‌పై బతికే సూరత్‌కు దానితో ఒరిగేది తక్కువ. ఈ ఊరికి నిజంగా అక్కరకొచ్చింది సెప్టెంబరు 22 నుంచి అమల్లోకి వచ్చిన జీఎస్టీ మార్పు. కృత్రిమ నారపై పన్ను 18 నుంచి, నూలుపై 12 నుంచి 5 శాతానికి దిగింది. బట్టపై తక్కువ, దాని ముడిసరకుపై ఎక్కువ పన్ను ఉండే ఏళ్లనాటి చిక్కు దీంతో వీడింది. బ్రిటన్‌తో జులై 24న కుదిరిన స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం 2025 దీపావళి నాటికి ఇంకా అమల్లోకి రాలేదు. వియత్నాం, బంగ్లాదేశ్‌లు 20 శాతం సుంకంతో అమెరికాకు సరకు పంపుతుండగా, 50 శాతంతో వాటి పక్కన నిలబడటం 2025లో ఏ రాయితీతోనూ సాధ్యం కాలేదు.

ఈ కుటుంబాల స్వస్థలాలకు సెప్టెంబరు 19న మరో కబురు అందింది. కొత్త హెచ్‌-1బీ దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము. ఒకే వంశంలో ఒక శాఖ సూరత్‌ మగ్గాన్ని, మరో శాఖ అమెరికా సాఫ్ట్‌వేర్‌ను నమ్ముకున్న తెలంగాణ ఊళ్లకు ఈసారి సంకటం రెండు వైపుల నుంచీ వచ్చింది.

దీపావళి సెలవుల తర్వాత సూరత్‌ మార్కెట్లు లాభ పంచమి నాడు, 2025 అక్టోబరు 26న, కొత్త చిట్టాలు తెరిచాయి. వాషింగ్టన్‌లో వాదనలు మొదలవడానికి అప్పటికింకా పది రోజులుంది.